లెక్కలోకి రాని డిగ్రీ

ఇది 2021 అక్టోబరు సంగతి. మా చిన్నాడిది హైస్కూల్లో ఆఖరి ఏడు. డైనింగ్ టేబుల్‌కి ఆ చివర వాడు కాలేజీలకు అప్లికేషన్లు నింపుకుంటున్నాడు, ఈ చివర నేను నా ఆఖరి కోర్సు హోంవర్క్ చేసుకుంటున్నాను. ఉన్నట్టుండి లాప్‌టాప్ నా వైపు తిప్పాడు.

"అమ్మా, మీ కాలేజీ చూశావా?"

కాలేజ్ నావిగేటర్ అని ఇక్కడి ప్రభుత్వం నడిపే వెబ్‌సైటు ఒకటుంది. ఏ కాలేజీలో చేరినవాళ్లలో నూటికి ఎంతమంది డిగ్రీ పూర్తి చేశారో అందులో చూసుకోవచ్చు. మా యూనివర్సిటీ పేరు పక్కన ఉన్న అంకె ఎంతో ఇక్కడ రాయను, రాస్తే పేరు రాసినట్టే. మన వైపు ఏ హైస్కూల్‌కైనా పదో తరగతిలో అలాంటి శాతం వస్తే హెడ్మాస్టరుగారు నెల రోజుల పాటు బజారు దారిన వెళ్లరు. అంత చాలు.

"నువ్వు ఇందులో పాసైనవాళ్లలో ఉంటావా, మానేసినవాళ్లలో ఉంటావా?" అన్నాడు.

నాకు తెలియలేదు. చదివేది అకౌంటింగు, అదీ తొమ్మిదేళ్లుగా. అయినా నన్ను ఏ పద్దులో రాశారో చెప్పలేకపోయాను. ఆ శనివారం కూర్చుని వెతికితే తేలిందేమిటంటే, నేను రెండింట్లోనూ లేను.

అదెలాగో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

నా చదువు ఆగింది 1996లో. కృష్ణా జిల్లాలో మా ఊరికి దగ్గరి కాలేజీలో బి.కామ్ రెండో సంవత్సరం పరీక్షలు రాసిన నెలకే పెళ్లి అయింది. మూడో ఏడు పరీక్షలు ప్రైవేటుగా కడదాంలే అన్నారు అందరూ. అన్నవాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి ఇప్పుడు ఎవర్నీ అనేదేం లేదు. మా వదిన, అంటే మా ఆయన అక్కయ్య, అమెరికా సిటిజన్ అయ్యాక 1998లో తమ్ముడికి పిటిషన్ వేసింది. అన్నదమ్ముల కోటాలో ఎదురుచూడటం ఎలా ఉంటుందో చూసినవాళ్లకు తెలుసు. పిటిషన్ వేసినప్పుడు మాకు పిల్లలే లేరు. 2010లో షికాగో శివార్లలో దిగేసరికి పెద్దదానికి పదేళ్లు, చిన్నాడికి ఆరు.

సాఫ్ట్‌వేర్ వీసా మీద వచ్చినవాళ్ల అమెరికా వేరు, మాది వేరు. గ్రీన్ కార్డయితే మొదటి రోజు నుంచీ ఉంది, దాన్ని చూపించి తెచ్చుకోవడానికి ఉద్యోగమే లేదు. మా ఆయన గ్యాస్ స్టేషన్‌లో రాత్రి షిఫ్టుకి కుదిరారు, నేను శాండ్‌విచ్ షాపులో పగటి షిఫ్టుకి. ఆయన పొద్దున ఆరున్నరకు వచ్చేవారు, నేను ఏడింటికి బయల్దేరేదాన్ని. ఆ అరగంటే మా కాపురం.

షాపులో రోజు చివర గల్లాపెట్టె లెక్క తేల్చేదాన్ని నేనే. ఒక్క సెంటు తేడా వచ్చినా వదిలేదాన్ని కాదు. ఓనరు దగ్గరికి టాక్స్ పని మీద వచ్చే అకౌంటెంట్ ఒకసారి నా కాగితాలు చూసి, "డిగ్రీ ఉంటే మా ఆఫీసులో తీసుకునేవాణ్ణి" అన్నాడు. మాటవరసకే అన్నాడేమో. నాకు మాత్రం రాత్రి నిద్ర పట్టలేదు.

2012 ఆగస్టులో, 35 ఏళ్ల వయసులో, కమ్యూనిటీ కాలేజీలో చేరాను. మొదటి రెండేళ్ల కోర్సులు అక్కడ తక్కువ ఫీజుతో చదివి, తర్వాత యూనివర్సిటీకి మారవచ్చు. చేరేముందు ప్లేస్‌మెంట్ టెస్టు పెట్టారు. ట్రయల్ బ్యాలెన్స్ కళ్లు మూసుకుని వేస్తాను గానీ, ఆల్జీబ్రా వదిలి ఇరవయ్యేళ్లయింది. పదో తరగతి తర్వాత ఇంటర్లో నాది సీఈసీ. టెస్టు పోయింది. రెండు సెమిస్టర్లు రెమెడియల్ మ్యాథ్స్, అంటే స్కూల్లో వదిలేసిన లెక్కలే మళ్లీ, చదవమన్నారు.

రెమెడియల్ అంటే ఏమిటో నాకు అప్పటికి తెలియదు. ఫీజు మామూలే, హోంవర్క్ మామూలే, గ్రేడు కూడా ఇస్తారు. కోర్సుకి ఇన్ని అని క్రెడిట్లు ఇస్తారు, డిగ్రీకి అవి 120 కావాలి. వాటిలోకి మాత్రం ఇందులోంచి ఒక్కటీ చేరదు. ఏడాది పాటు డబ్బు కట్టి, సున్నా దగ్గరికి చేరుకున్నాను.

ఆ క్లాసు మొదటి రోజు కుర్చీలు చాలలేదు, పక్క గదిలోంచి తెచ్చుకున్నాం. 28 మందిమి. నవంబరు చివరికి 12 మంది మిగిలాం. పోయినవాళ్లు మొద్దులని నేననుకోను. నా పక్కన కూర్చునే మెక్సికన్ అబ్బాయి ఇళ్ల పైకప్పులు వేసే పనికి వెళ్లేవాడు, నాకంటే ముందే జవాబు చెప్పేవాడు. ఒక వారం వానలొచ్చి పని వెనకబడితే, తర్వాతి వారం రాత్రి ఎనిమిది దాకా పైకప్పు మీదే ఉన్నాడు. రెండు క్లాసులు పోయాయి, తర్వాత టెస్టు పోయింది, తర్వాత మనిషే రాలేదు. మానేస్తున్నానని ఎవరూ చెప్పి మానరు. ఒక మంగళవారం ఆ కుర్చీ ఖాళీగా ఉంటుంది, అంతే.

ఈలోగా ఇండియాలో చదివిన రెండేళ్లకూ ఏమైనా విలువ కడతారేమోనని మా తమ్ముడి చేత మార్కుల లిస్టులు తెప్పించాను. విలువ కట్టారు, కానీ ఎక్కువ భాగం "ఎలెక్టివ్" కింద. అంటే క్రెడిట్లు ఉంటాయి, అవసరమైన చోట పనికిరావు. పెళ్లిలో వచ్చిన స్టీలు గిన్నెల్లాగా అన్నమాట. పదిహేనేళ్ల కిందటి అకౌంటింగ్ చెల్లదన్నారు. డెబిట్, క్రెడిట్ ఈ పదిహేనేళ్లలో ఏం మారాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు, మళ్లీ చదివాను.

సెమిస్టరుకి రెండు కోర్సులు, ఆరు క్రెడిట్లు. పెల్ గ్రాంట్ అని కేంద్ర ప్రభుత్వం పేద విద్యార్థులకు ఇచ్చేది సగం వచ్చేది. అంతకు మించి చదివితే పని పోతుంది, తగ్గిస్తే గ్రాంట్ తగ్గుతుంది. 2015లో యూనివర్సిటీకి మారేటప్పటికి ఇండియావీ ఇక్కడివీ కలిపి 55 క్రెడిట్లు ఒప్పుకున్నారు. ఇంకా 65. అడ్వైజరు డిగ్రీ ఆడిట్ అనే కాగితం ప్రింటు తీసి ఇచ్చింది. అయినవి ఏవి, కావలసినవి ఏవి, అన్నీ గళ్లు గళ్లుగా ఉంటాయి. దాన్ని తెచ్చి తిరుపతి వెంకన్న మాగ్నెట్ కింద ఫ్రిజ్ మీద పెట్టాను. కోర్సు అయిపోయినప్పుడల్లా మా అమ్మాయి పచ్చ హైలైటర్‌తో ఒక గడి నింపేది. ఆ కాగితం ఆరేళ్లు అక్కడే ఉంది. కింద మూల మీద పప్పు మరక కూడా ఉంది.

నేను యూనివర్సిటీలో అడుగుపెట్టిన ముహూర్తం ఎలాంటిదంటే, ఆ జులై నుంచే ఇల్లినాయ్ రాష్ట్రానికి బడ్జెట్ లేదు. గవర్నరుకీ శాసనసభకీ పడక 2015 జులై నుంచి 2017 జులై దాకా, రెండేళ్లు, పూర్తి బడ్జెట్ లేకుండానే రాష్ట్రం నడిచింది. ప్రభుత్వ యూనివర్సిటీలకు రావలసిన డబ్బు రాలేదు. షికాగో స్టేట్ యూనివర్సిటీ 2016లో వసంతకాలం సెలవులు ఎత్తేసి, సెమిస్టరును ముందే ముగించింది. ఉద్యోగులందరికీ, దాదాపు 900 మందికి, తీసేయవచ్చని నోటీసులిచ్చింది. మాది ఆ యూనివర్సిటీ కాదు, కానీ మా కారిడార్లలోనూ అదే ముచ్చట. పేద విద్యార్థులకు రాష్ట్రం ఇచ్చే మ్యాప్ గ్రాంట్ కూడా ఆగిపోయింది. మొదటి సెమిస్టరుకి ఆ డబ్బు యూనివర్సిటీయే సర్దింది. రెండోదానికి మాత్రం, "వస్తే సరి, రాకపోతే మీ బాకీ" అంది.

రాలేదు.

2016లో ఫాల్ సెమిస్టరుకి, అంటే ఆగస్టులో మొదలయ్యేదానికి, రిజిస్ట్రేషన్ రోజు. నాకిచ్చిన టైము పొద్దున ఏడు. షాపులో టమాటాలు కోస్తున్నాను. గ్లౌజు ఒక చేతికి తీసేసి ఫోన్లో పేజీ తెరిచాను. ఇంటర్మీడియట్ అకౌంటింగ్ మొదటి భాగం, మంగళవారం రాత్రి క్లాసు, ఇంకా తొమ్మిది సీట్లున్నాయి. బటన్ నొక్కితే ఎర్రక్షరాలు వచ్చాయి: అకౌంటు మీద హోల్డ్ ఉంది, బాకీ 846 డాలర్లు. నా బాకీ కాదది, రాష్ట్రం బాకీ. ఎవరికి చెప్పను? స్టూడెంట్ అకౌంట్స్ ఆఫీసుకి ఫోన్ చేస్తే ఫైనాన్షియల్ ఎయిడ్‌ని అడగమన్నారు. వాళ్లను అడిగితే, "మా వైపు నుంచి అంతా సరిగానే ఉంది, అకౌంట్స్ వాళ్లను అడగండి" అన్నారు. ఫోన్లో పని కాదని ఒక రోజు జీతం వదులుకుని, బస్సూ రైలూ మారి వెళ్లాను. ఆఫీసు కిటికీ నాలుగున్నరకు మూసేస్తారు. మా క్లాసులు మొదలయ్యేదే ఆరింటికి. మా యూనివర్సిటీ గోడల మీద నిండా "పనిచేసుకునే పెద్దల కోసం" అని పోస్టర్లు. క్లాసులు రాత్రివి, ఆఫీసులు పగటివి. దీన్ని సరిచేయడానికి పెద్ద పరిశోధన ఏం అక్కర్లేదని నా ఉద్దేశం. వారానికి ఒక్క రోజు ఎనిమిది దాకా ఒక మనిషిని కూర్చోబెడితే చాలు.

చివరికి మా తెలుగు ఆడవాళ్ల చీటీలో ఆ నెల నేను పాడుకున్నాను, కాస్త నష్టానికే. బాకీ తీరేసరికి మూడు వారాలు పట్టింది. మంగళవారం క్లాసు నిండిపోయింది. ఆ కోర్సు రాత్రి పూట ఏడాదికి ఒక్కసారే పెడతారు, ఫాల్‌లో. రెండో భాగం స్ప్రింగ్‌లో, అంటే జనవరి నుంచి. మొదటిది లేనిదే రెండోది ఇవ్వరు, రెండోది లేనిదే ఆడిటింగ్ ఇవ్వరు. అలా 846 డాలర్లకు ఒక ఏడాది పోయింది. గ్రాంట్ డబ్బు తర్వాతెప్పటికో వచ్చింది, నా అకౌంటులో వేశారు కూడా. ఏడాదిని ఎవరు వేస్తారు?

అట్లాంటాలోని జార్జియా స్టేట్ యూనివర్సిటీ గురించి చాలాకాలం తర్వాత చదివాను. కొద్దిపాటి బాకీల వల్ల వందల మంది ఆగిపోతున్నారని గమనించి, వాళ్లు 2011 నుంచి ఆ బాకీ మేరకు చిన్న గ్రాంట్లు తామే ఇస్తున్నారు. అడగకుండానే ఇస్తున్నారు. అది చదివినప్పుడు నాకు వాళ్ల దయ కంటే, కూర్చుని లెక్క చూసిన ఆ మనిషి మీద గౌరవం కలిగింది. ఒక విద్యార్థి వెళ్లిపోతే పోయే ఫీజుతో పోలిస్తే ఆ గ్రాంట్ చిల్లర డబ్బే కదా.

వదులుకున్న ఆ క్లాసు మరుసటి ఏడు, 2017 ఫాల్‌లో, దొరికింది. అక్టోబరులో విజయవాడలో అత్తయ్యకు పక్షవాతం వచ్చింది. మా ఆయనకు సెలవు దొరకలేదు, నేనే వెళ్లాను. రెండు కోర్సులూ విత్‌డ్రా చేశాను. ఇక్కడ ఒక సంగతి ఎవరూ ముందుగా చెప్పరు, అందుకే రాస్తున్నాను: సెమిస్టరులో 60 శాతం పూర్తి కాకముందే అన్ని క్లాసులూ మానేస్తే, అప్పటికి "సంపాదించుకోని" పెల్ గ్రాంట్‌ను యూనివర్సిటీ కేంద్రానికి తిప్పి పంపాలి. ఆ మొత్తం మన మీద బాకీగా పడుతుంది. నేను రెండు వారాలు ఆగి విమానం ఎక్కి ఉంటే ఆ బాకీ ఉండేది కాదు. ఆస్పత్రిలో అత్తయ్య మంచం పక్కన కూర్చుని ఆ ఈమెయిల్ చదివాను.

జనవరిలో తిరిగొచ్చాక ఇంక చదవననుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. ఫ్రిజ్ మీద కాగితం తీయలేదు, అటు చూడటం మానేశాను. బహుశా అందరూ ఇలాగే మానేస్తారు. ఆ వేసవిలో మా అమ్మాయి కాలేజీకి వెళ్లబోతూ, "అమ్మా, నీకంటే ముందు నాకు డిగ్రీ వస్తే బాగోదు" అంది. వేళాకోళానికే అంది. మర్నాడు ఫోన్ చేశాను. బాకీకి వాయిదాలు కట్టించుకుంటామన్నారు. మధ్యలో తప్పిపోయాను కాబట్టి కొత్తగా అడ్మిషన్ ఫారం నింపాలన్నారు. కొత్త అడ్మిషన్ అంటే కొత్త సిలబస్, అందులో ఒక కోర్సు అదనం. సరే అన్నాను. అప్పటికి కొత్త మాటలేవీ నన్ను భయపెట్టడం లేదు.

తర్వాతి మూడేళ్లూ సాఫీగానే నడిచాయి. 2020లో కరోనా వచ్చి క్లాసులన్నీ ఆన్‌లైన్ అయ్యాయి. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, నా చదువుకి అది కలిసొచ్చింది. రానూపోనూ మూడు గంటల ప్రయాణం తప్పింది. కుక్కర్ విజిళ్లు లెక్కపెట్టుకుంటూ టాక్స్ పాఠాలు విన్నాను.

అదే కరోనాలో నా స్నేహితురాలు ఆగిపోయింది. ఆవిడ సిటీ బస్సు డ్రైవరు, నల్లజాతి మనిషి, నాకంటే ఆరేళ్లు పెద్ద. స్టాటిస్టిక్స్ క్లాసులో పరిచయం. నా డబ్బాలో పులిహోర తినేది, వాళ్లింటి నుంచి కార్న్‌బ్రెడ్ తెచ్చేది. అందరం ఇళ్లలో కూర్చున్నప్పుడు ఆవిడ బస్సు నడుపుతూనే ఉంది. డిపోలో ఇద్దరు పోయారని ఒకరోజు మెసేజ్ పెట్టింది. ఆ సెమిస్టరు పరీక్షలు రాయలేదు. ఆవిడకు మిగిలింది రెండు కోర్సులు. ఆరు క్రెడిట్లు.

ఇప్పుడు మా చిన్నాడు అడిగిన ప్రశ్నకు వస్తాను.

ఆ వెబ్‌సైటులో పైన కనిపించే శాతానికి మూలం 1990లో వచ్చిన చట్టం. బాస్కెట్‌బాల్ ఆడి సెనేటరైన బిల్ బ్రాడ్లీ దాని వెనక ఉన్నాడు. ఆటగాళ్లను చేర్చుకుని వాళ్ల చదువు గాలికొదిలేసే కాలేజీల సంగతి అందరికీ తెలియాలన్నది అప్పటి ఉద్దేశం. అందుకని లెక్కలోకి ఎవర్ని తీసుకున్నారంటే, జీవితంలో మొదటిసారి కాలేజీలో చేరి, ఫుల్‌టైమ్ చదివేవాళ్లను. నాలుగేళ్ల డిగ్రీని ఆరేళ్లలోపు, చేరిన చోటే పూర్తి చేస్తేనే పాసైనట్టు. 18 ఏళ్ల ఆటగాడికి సరిపోయే కొలత అది. నేను కమ్యూనిటీ కాలేజీలో పార్ట్‌టైమ్, కాబట్టి అక్కడ లెక్కలో లేను. యూనివర్సిటీకి వేరే చోట నుంచి వచ్చాను, కాబట్టి ఇక్కడా లేను. నా పక్కన కూర్చున్నవాళ్లలో చాలామందిది ఇదే కథ.

షికాగో స్టేట్ సంగతే చూడండి. 2016లో పత్రికలన్నీ అక్కడ డిగ్రీ పూర్తి చేసేవాళ్లు 11 శాతమే అని రాశాయి, అలాంటి యూనివర్సిటీ ఎందుకు అన్నవాళ్లూ ఉన్నారు. ఆ ఫాల్‌లో అక్కడ మొత్తం విద్యార్థులు మూడున్నర వేల పైచిలుకు. అందులో ఫ్రెష్‌మెన్, అంటే మొదటిసారి కాలేజీలో చేరినవాళ్లు, 86 మంది. పెళ్లికి వచ్చిన ఊరందరినీ వదిలేసి, మొదటి పంక్తిలో కూర్చున్నవాళ్లను మాత్రం అడిగి వంట బాగోలేదని తేల్చడం లాంటిది.

2017 నుంచి ఇంకో పట్టిక కూడా ఇస్తున్నారు. పార్ట్‌టైమ్ వాళ్లను, వేరే చోట నుంచి వచ్చినవాళ్లను కూడా చేర్చి ఎనిమిదేళ్లదాకా చూస్తారు. అందులో నేనూ ఒక అంకెనవుతాను. కానీ అది పేజీలో చాలా కిందుంటుంది, మా చిన్నాడు అంత దూరం చూడలేదు, పత్రికలవాళ్లూ చూడరు.

ఇదంతా వాడికి చెప్పాను, కొంచెం గర్వంగానే. వాడు విని, "అయితే మీ కాలేజీ బాగానే ఉన్నట్టా?" అన్నాడు. అక్కడ ఆగిపోయాను. ఎందుకంటే 28లో 12 మందే మిగిలిన గది నేను చూసిందే. అది ఏ చట్టమూ కొలిచింది కాదు, నేను లెక్కపెట్టింది. కొలత తప్పే గానీ, జబ్బు లేదనడానికి లేదు. ఆ అంకె మాది కాదని మా యూనివర్సిటీ పెద్దలు మీటింగుల్లో చెబుతుంటే విన్నాను. నిజమే చెబుతున్నారు. ఆ నిజం చెప్పి కిటికీ మాత్రం నాలుగున్నరకే మూసేస్తున్నారు.

న్యూయార్క్ సిటీ యూనివర్సిటీలో 2007 నుంచి ఆసాప్ అని ఒక పథకం నడుస్తోంది. బస్సు, రైలు కార్డు ఉచితం, పుస్తకాలకు సాయం, ఒక్కొక్కరినీ దగ్గరగా పట్టించుకునే అడ్వైజరు. అక్కడి కమ్యూనిటీ కాలేజీల్లో మూడేళ్లలో డిగ్రీ పూర్తి చేసినవాళ్లు మామూలుగా అయితే నూటికి 22 మంది, ఆ పథకంలో 40 మంది అని అధ్యయనం చేసి మరీ తేల్చారు. బస్సు కార్డుకి అంత బలం ఉందంటే నాకేం ఆశ్చర్యం లేదు. కాకపోతే ఆ పథకంలో చేరాలంటే ఫుల్‌టైమ్ చదవాలి. అంటే నేను గానీ, పైకప్పుల అబ్బాయి గానీ దాని గడప కూడా తొక్కలేం.

నా డిగ్రీ 2021 డిసెంబరులో చేతికొచ్చింది. అమ్మాయి ఆఖరి గడి నింపింది, తనదింకా ఒక సెమిస్టరు ఉంది. నేనే ముందు. ఇప్పుడు ఒక చిన్న అకౌంటింగ్ ఆఫీసులో జీతాల లెక్కలు చూస్తున్నాను. నన్ను మెచ్చుకున్న ఆ అకౌంటెంట్ ఈలోగా రిటైరైపోయాడు.

మొన్న ఆదివారం నా స్నేహితురాలిని కలిశాను. కార్లో కూర్చుని నా ఫోన్లో యూనివర్సిటీ పేజీ తెరిచాం. ఆవిడ పాస్‌వర్డ్ మర్చిపోయింది. గుర్తు కోసం పేజీ ఒక ప్రశ్న అడిగింది: మీ మొదటి టీచరు పేరేమిటి? ఆవిడ టక్కున కొట్టింది. డిగ్రీ ఆడిట్ తెరుచుకుంది, అన్నీ పచ్చగా ఉన్నాయి, చివర రెండు గళ్లు తప్ప. పైన ఎర్రక్షరాల్లో హోల్డ్, 312 డాలర్లు. ఆన్‌లైన్‌లో కట్టబోతే తీసుకోలేదు, ఆఫీసుకి రమ్మంది. పని వేళలు కింద ఉన్నాయి: తొమ్మిది నుంచి నాలుగున్నర.

ఆవిడకు వారంలో సెలవు గురువారం. నాకు లేదు, పెట్టుకున్నాను.